కిడ్నీలు దెబ్బతిన్న ముసలి కుక్కను ఇంట్లో ఎలా చూసుకోవాలి?

మీ పన్నెండేళ్ల కుక్కకు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) 4.2 వచ్చిందన్నారు. మర్రిగూడ దగ్గర ఊళ్లో ఉంటూ ఇంట్లోనే చూసుకోవడం కుదురుతుందా, ఇదంతా బోరు నీళ్ల ఫ్లోరైడ్ వల్లేనా అని అడిగారు. కుదురుతుంది. మాది జడ్చర్ల. మా బంటిగాడికి (పొమెరేనియన్) ముసలితనంలో ఇదే జబ్బు వచ్చింది. మందుల సంగతి మీ డాక్టర్ సారు చెబుతారు, ఇంట్లో పడే పాట్లు నేను చెబుతాను.

ముందు ఆ 4.2 చూసి టెన్షన్ పడకండి. వాంతులతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు రక్తం తీస్తే అంకె పెరిగే కనిపిస్తుంది. పిడుదుల వల్ల వచ్చే జ్వరం, ఎలుకల మూత్రం నుంచి అంటుకునే లెప్టోస్పైరోసిస్ కూడా కిడ్నీలను దెబ్బతీస్తాయి, వాటికి మందులున్నాయి. సెలైన్ ఎక్కి కాస్త తేరుకున్నాక మళ్లీ పరీక్ష చేయించండి. అప్పుడూ 2.9కి, 5కి మధ్యలోనే ఉంటే కిడ్నీ జబ్బులో మూడో దశ అంటారు. ఇంకో మెలిక ఉంది. క్రియాటినిన్ వచ్చేది కండ నుంచి. కుక్క చిక్కిపోతే కిడ్నీ బాగుపడకపోయినా అంకె తగ్గుతుంది. అందుకే మేము రిపోర్టు కంటే బరువును నమ్ముకున్నాం. కుక్కను ఎత్తుకుని కాటా ఎక్కి, మన బరువు తీసేస్తే తెలిసిపోతుంది. హైదరాబాద్ వెళ్లే పని పడితే బీపీ, మూత్రంలో ప్రొటీన్ కూడా చూడమనండి. ఈ రెండూ పెరిగితే ఉన్న కిడ్నీ కూడా తొందరగా పోతుంది. రెండింటికీ మాత్రలున్నాయి.

జబ్బు ఫ్లోరైడ్ వల్లే వచ్చిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్ ఎక్కువగా కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి కాబట్టి బోరు నీళ్లు మానేసి మిషన్ భగీరథ కుళాయి నీళ్లు పోయండి. బోరు నీళ్లను కాచినా ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఇల్లంతా మూత్రం పోస్తోందని రాత్రిపూట గిన్నె మాత్రం తీసేయకండి. దెబ్బతిన్న కిడ్నీ నీటిని పట్టి ఉంచలేదు, తాగిందంతా బయటికి పంపిస్తుంది. మన మే ఎండల్లో ఒక్క రాత్రి నీళ్లు లేకపోయినా తెల్లారేసరికి వాంతులు మొదలవ్వొచ్చు. పాత గోనెసంచులు పరిచి, ఇంట్లో రెండు మూడు చోట్ల గిన్నెలు పెట్టండి.

తిండి దగ్గరే అసలు గొడవ. చుట్టాలంతా "బలం రావాలంటే పాయ తాగించు, కార్జం పెట్టు" అంటారు. ఈ జబ్బులో తగ్గించాల్సింది ఫాస్ఫరస్, అది ఎముకల్లో, కార్జంలో, ఎండుచేపల్లో దండిగా ఉంటుంది. కిడ్నీ కుక్కల కోసం తయారుచేసే రాయల్ కానిన్ రీనల్, హిల్స్ కె/డి లాంటివి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఖరీదెక్కువ. మా వాడు వాటిని వాసన చూసి మొహం తిప్పుకునేవాడు. అందుకని డాక్టర్‌ను అడిగి మెత్తగా వండిన తెల్లన్నం, ఉడికించిన గుడ్డు తెల్లసొన, నీళ్లు వంపేసిన కొంచెం చికెన్, సొరకాయ ముక్కలు పెట్టాం. ఉప్పు వేయలేదు. ఫాస్ఫరస్‌ను పట్టుకునే మందు రాస్తే అన్నంలో కలిపే ఇవ్వండి, ఖాళీ కడుపున ఇస్తే దండగ. వేళకు మంచి తిండి తినకపోతే పస్తు పెట్టకండి, ఏదో ఒకటి తిననివ్వండి. గిన్నె దాకా వచ్చి పెదాలు నాక్కుంటూ వెనక్కి పోతే అది వికారం, పొగరు కాదు. దానికి మాత్ర అడగండి.

సెలైన్ చర్మం కింద ఇవ్వడం డాక్టర్ దగ్గర ఒకసారి చూసి నేర్చుకోవచ్చు. మేము రింగర్ లాక్టేట్ సీసాను కాసేపు గోరువెచ్చని నీళ్లలో పెట్టి, కిటికీ చువ్వకు వేలాడదీసేవాళ్లం. మెడ వెనక వదులుగా ఉండే చర్మాన్ని పైకి లాగితే గుడారంలా లేస్తుంది. దాని అడుగున సూది గుచ్చితే నీరు వీపు మీద బుడగలా ఊరి, మెల్లగా ఒక కాలి వైపు జారి, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. చూడ్డానికి భయమేస్తుంది కానీ వాడు పడుకునే ఉండేవాడు. ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. గుండె జబ్బుంటే ఇదే ప్రమాదం, ఆయాసం వస్తే వెంటనే ఆపేయండి. గ్లూకోజ్ సీసా మాత్రం చర్మం కింద ఎక్కించకూడదు. ప్రతిసారీ కొత్త సూది వాడండి.

కుంటుతోందని మనం వాడే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేయకండి, ఉన్న కాస్త కిడ్నీ పోతుంది. పల్లేరు కాయలు, కొండపిండాకు కషాయం మన దగ్గర రాళ్లకు తాగుతారు. ఇది రాళ్ల జబ్బు కాదు, గొంతులో పోయకండి.

నోట్లో పుండ్లు పడి, సెలైన్ ఇచ్చినా వాంతులు ఆగక, తిండి పూర్తిగా మానేసే రోజు వస్తుంది. నొప్పి లేకుండా సాగనంపే ఇంజెక్షన్ గురించి ఇప్పుడే మీ డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి. ఇంటికి వచ్చి ఇస్తారా, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి అని కూడా అడగండి. మన జిల్లాల్లో అర్ధరాత్రి కుక్కల డాక్టర్‌ను వెతకడం మాటలు కాదు.