కుందేళ్లు, పాత కేజ్‌లు అమ్మే ముందు గజ్జి సంగతి తేల్చండి

ప్రశ్న: మూడేళ్లుగా కుందేళ్లు పెంచుతున్నాను. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా జాతులు కలిపి 30 ఆడవి, 5 మగవి ఉన్నాయి. చూసుకునే మనిషి లేక అన్నీ ఇచ్చేద్దామనుకుంటున్నాను. కేజ్‌లు, నీళ్లు తాగే నిపుల్స్, మేత తొట్టెలు, పిల్లల పెట్టెలతో సహా ఒకే లాట్‌గా అడుగుతున్నారు. నెల రోజులుగా కొన్నింటికి ముక్కు మీద, చెవుల్లో వెంట్రుకలు ఊడి పొక్కులు కడుతున్నాయి. ఖనిజ లవణాల లోపమని మందుల షాపాయన మిశ్రమం ఇచ్చాడు. తగ్గకపోతే కుక్కల పిడుదులకు వాడే స్ప్రే కొట్టమన్నాడు. బేరగాడు వచ్చే వారం వస్తాడు. ధర ఎంత చెప్పాలి? పాత కేజ్‌లకు విలువ ఉంటుందా?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: ముందు ఆ బేరగాడికి ఫోన్ చేసి గజ్జి తగ్గేదాకా రావొద్దని చెప్పండి. మీ కుందేళ్లకు లవణాల లోపం లేదు. మీరు రాసిన లక్షణాలు గజ్జివే. ముక్కు, పెదవులు, కాలి వేళ్ల మధ్య తెల్లటి పొక్కులు ఒక రకం పురుగు వల్ల, చెవి లోపల పొరలు పొరలుగా గోధుమరంగు చెక్కు కట్టడం మరో రకం పురుగు వల్ల వస్తాయి. తల విదిలించడం, వెనక కాలితో చెవి గోక్కోవడం కూడా గమనించే ఉంటారు. పొక్కు అంచున గీకి తీసిన చర్మాన్ని పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలో చూపిస్తే ఏ పురుగో తేలిపోతుంది. వీటిలో మొదటి రకం గజ్జి మనుషులకూ అంటి దురద పెడుతుంది. చేతి తొడుగులు లేకుండా పట్టుకోవద్దు.

ఆ స్ప్రే మాత్రం ముట్టుకోవద్దు. కుక్కల పిడుదుల స్ప్రేల్లో చాలావాటిలో ఫిప్రోనిల్ ఉంటుంది. కుందేళ్లకు అది విషం. మేత మానేసి, వణికి, ఫిట్స్ వచ్చి చనిపోతాయి. కుక్కకు పనిచేసింది కుందేలుకూ పనిచేస్తుందని షాపులో చెబితే రైతు నమ్ముతున్నాడు, నష్టం రైతు ఇంట్లో జరుగుతోంది. అలాగే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ యాంటీబయాటిక్ పొడులు నీళ్లలో కలపమని చెప్పినా వినొద్దు. నోటి ద్వారా ఇచ్చిన ఈ మందులు కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపేస్తాయి. విరేచనాలు పట్టుకుని కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

వైద్యం ఇది. ఐవర్‌మెక్టిన్ 1 శాతం ఇంజెక్షన్ కిలో బరువుకు 0.02 మి.లీ. చొప్పున చర్మం కింద వేయించాలి. అంటే 3 కిలోల కుందేలుకు 0.06 మి.లీ., 4 కిలోలదానికి 0.08 మి.లీ. అంతే. కంటి అంచనా పనికిరాదు, ఒక్కొక్కదాన్ని తూచి, 0.01 మి.లీ. గీతలున్న 1 మి.లీ. సిరంజితోనే వేయాలి. మొదటి రోజు, 14వ రోజు, 28వ రోజు, మొత్తం మూడు సార్లు. బాగా ముదిరినవాటికి మోతాదు పెంచాలో లేదో మీ పశువైద్యులు చూసి చెబుతారు. నిండు చూడివి, ఆరు వారాల లోపు పిల్లల విషయమూ ఆయనకే వదలండి. పొక్కులు లేనివాటికి ఎందుకని మానేయొద్దు. మిగతా మందలో ప్రతిదానికీ ఒకే రోజు పడాలి. చెవిలో చెక్కును పీకితే రక్తం కారి పుండవుతుంది. రెండు చుక్కల కొబ్బరి నూనె వేస్తే మెత్తబడి దానంతటదే రాలుతుంది. చివరి ఇంజెక్షన్ నుంచి నెల రోజుల వరకు ఒక్కటి కూడా మాంసానికి వెళ్లకూడదు.

ఇక కేజ్‌లు. కుందేళ్లను చూసి, బేరమాడి, పుల్ల విరిచినట్టు తిరస్కరించే రైతు కూడా కేజ్ దగ్గరికొచ్చేసరికి చవకగా వస్తోందని కళ్లు మూసుకుని కొంటాడు. గజ్జి పురుగు కుందేలు ఒంటి మీద లేకపోయినా చల్లగా, తేమగా ఉన్నచోట మూడు వారాల దాకా బతకగలదు. జాలీ మూలల్లో చిక్కుకున్న వెంట్రుకల్లో, రాలిన పొక్కుల్లో దాక్కుంటుంది. పెంటలో ఉండే, పేగు జబ్బు తెచ్చే కాక్సీడియా అనే పరాన్నజీవి గుడ్లు మామూలు ఫినాయిల్‌కు, బ్లీచింగ్‌కు చావవు. అందుకే ఒకే లాట్ అంటే నేను ఒప్పుకోను. కుందేళ్లు ముందు వెళ్లాలి, కేజ్‌లు తర్వాత వెళ్లాలి, వేర్వేరు బేరాలుగా.

ఇంజెక్షన్ వేసిన ప్రతిసారీ కేజ్‌లను ఒకటి రెండు చొప్పున ఖాళీ చేసి బయటికి తెచ్చి, ఎండిన పెంట గీకి, సర్ఫ్ నీళ్లతో రుద్ది కడిగి, ఆరాక మంట చిమ్మే ఫ్లేమ్ గన్ తిప్పండి. వెంట్రుకలు చిటపటమని కాలితే చాలు, ఒకేచోట ఆపితే జాలీ పూత పోయి తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ నిపుల్స్, పైపులు ముందే విప్పేయండి. గడ్డి కప్పు షెడ్డు దగ్గర ఈ పని వద్దే వద్దు. కుందేళ్లన్నీ వెళ్లిపోయాక ఇంకోసారి ఇలాగే చేసి, నాలుగు వారాలు ఖాళీగా ఎండలో ఉంచి అప్పుడు అమ్మండి. చెక్క పిల్లల పెట్టెలను అమ్మనే వద్దు, కాల్చేయండి. చెక్క పగుళ్లను ఎవరూ శుభ్రం చేయలేరు.

పాత కేజ్ విలువ తేల్చేది దాని అడుగున ఉండే జాలీ. అరచేత్తో ఒకసారి తడమండి. మీ చేతికి గుచ్చుకునే తీగ కుందేలు పాదానికీ గుచ్చుకుని పుండు చేస్తుంది. అలాంటివి పాత ఇనుము లెక్కలో పోవాల్సిందే. తుప్పు లేనివాటికి మంచి ధరే అడగండి.

కుందేళ్ల ధర మీ రిజిస్టరును బట్టి ఉంటుంది. ప్రతి ఆడదాన్నీ మగదానితో ఎప్పుడు జత కట్టించారు, ఎన్ని పిల్లలు పుట్టాయి, ఎన్ని తల్లిపాలు మానేదాకా బతికాయి రాసి ఉంటే బ్రీడింగ్ ధర అడగొచ్చు. మూడేళ్లు దగ్గరపడ్డవాటిని బ్రీడింగ్‌కని అమ్మడం మోసం. ముందరి కాళ్లు ఎత్తి లోపలి వైపు చూడండి. అక్కడ వెంట్రుకలు తడిసి అట్టకట్టి ఉంటే అది ముక్కు తుడుచుకుంటోందని అర్థం. తుమ్ములూ ఉంటే పాశ్చురెల్లా అనే శ్వాస జబ్బు క్రిమిని అనుమానించాలి. తగ్గినట్టు కనిపించినా క్రిములు లోపలే ఉంటాయి, కాబట్టి దాన్ని మరో ఫారానికి పంపొద్దు. తండ్రీ కూతుళ్లను ఒకే కొనుగోలుదారుకు జతగా కట్టొద్దు.

పంపేటప్పుడు తెల్లవారుజామునే బయల్దేరదీయండి, ఒక్కోదానికి ఒక్కో గది ఉండాలి. ఈనడానికి వారం లోపు ఉన్నవాటిని కదిలించొద్దు. వారానికి సరిపడా మీ మేత కూడా ఇచ్చి, కొత్త మేతకు మెల్లగా మార్చమనండి. గజ్జికి ఏ తేదీల్లో మందు వేశారో కాగితం మీద రాసిచ్చి, తన మందలో కలపకుండా మూడు వారాలు వేరే షెడ్డులో ఉంచమని కొనేవారికి గట్టిగా చెప్పండి.