చేప ధరకు ఎగుమతుల్ని తిట్టుకోవద్దు

"చేపల ఉత్పత్తిలో మన దేశం ప్రపంచంలో రెండోది, మన రాష్ట్రం దేశంలోనే మొదటిది. అయినా శ్రీకాకుళం మార్కెట్లో చేప ఇంత ధర ఎందుకు? అంతా విదేశాలకు పోతోందా?" అని ఒకరు నన్ను అడిగారు. మాది ఎచ్చెర్ల మండలం తీరం. మా అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలమ్మింది. నేను ఒడ్డున వేలం పాట పాడి కొని టౌన్లో అమ్ముతాను.

ఎగుమతుల వల్ల కాదండీ. 2022-23లో దేశం మొత్తం ఉత్పత్తి సుమారు 175 లక్షల టన్నులు. బయటి దేశాలకు వెళ్లింది 17 లక్షల చిల్లర, బరువులో పదోవంతు. అందులో డబ్బు తెచ్చేది ముఖ్యంగా చెరువు రొయ్య. మనం పులుసు పెట్టుకునే కానాగంతలు అమెరికా వాళ్లేమీ పట్టుకుపోవడం లేదు.

ఆ 175 లక్షల్లో సముద్రం నుంచి వచ్చింది 44 లక్షలే. మిగతాదంతా చెరువులు, నదులు, రిజర్వాయర్లది. మన రాష్ట్రం వాటా 51 లక్షల టన్నుల దాకా ఉంటుంది. జనాభాకు పంచితే తలకి ఏడాదికి 100 కిలోలు! అంత ఎవరు తింటున్నారు? అందులో సింహభాగం కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లోనిది. అక్కడి బొచ్చె, శీలావతికి గిరాకీ బెంగాల్, అస్సాంలలో. ఐసు పెట్టెల లారీలు మన హైవే మీదుగానే ఇచ్ఛాపురం దాటిపోతాయి.

మనకి కావలసింది సముద్రపు చేప. అది ఇక్కడ తక్కువే పడుతోంది. 190 కిలోమీటర్లు దాటిన తీరం ఉండి కూడా పెద్ద బోట్లు ఆగే హార్బరు లేక, మా కుర్రాళ్లు విశాఖకో, గుజరాత్‌లోని వేరావల్‌కో వలసపోతున్నారు. 2018లో వేరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇల్లు చేరినవాళ్లలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లున్నారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇక్కడ మిగిలింది చిన్న ఫైబర్ బోట్లు. బోటు ఒడ్డెక్కగానే ఇసుకలో కుప్ప పోసి పాట పెడతారు. కానీ వలకి, ఇంజనుకి అప్పిచ్చిన షావుకారు ఉంటే ఆయన చెప్పిందే రేటు, పాట పేరుకే. ఆ తర్వాత ఐసు, ఆటో, మార్కెట్లో ఆశీలు రుసుము. మధ్యాహ్నానికి మెత్తబడిన సరుకును సగానికి తెగనమ్మాలి, ఆ నష్టం పొద్దున్న అమ్మే సరుకు మీద వేసుకోవాలి. ఒడ్డున కిలో 100 పడిన కానాగంత మీ సంచిలోకి వచ్చేసరికి 180 అవుతుంది. వేటకెళ్లినవాడికి ఆ పెరిగినదాంట్లో రూపాయి రాదు.

మా మండలంలోని బుడగట్లపాలెంలో తలపెట్టిన హార్బరు, దాని పక్కనే ఐసు ప్లాంటు నడిస్తే ఈ తేడా చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం. అంతవరకు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో సముద్రపు చేప కోసం ఎగబడకండి. అప్పుడు చెరువు చేపే నయం. కొనేముందు మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉంటేనే తీసుకోండి.