వైవాలో ఆప్షన్లుండవు తల్లీ

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకమ్మాయి అడిగింది, "మేడమ్, నాది ఎంబీబీఎస్ ఫస్టియర్. నీట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. ఇప్పుడు రాత్రి రెండింటిదాకా కూర్చున్నా అనాటమీ ఫస్ట్ ఇంటర్నల్ పోయింది, వైవాలో, అదే నోటి పరీక్షలో, నోరే పెగల్లేదు. నా నోట్స్ ఫోటో పెడుతున్నా, అసలు ఈ లైన్ నాకు సెట్ అవుతుందా?"

ఒక్క ఇంటర్నల్ చూసి అలా డిసైడ్ అయిపోకు తల్లీ. నీ నోట్స్ చూశా, పేజీ నిండా హైలైటరే, పసుపు రాసిన గడపలా ఉంది, ఇంక అందులో ముఖ్యమైనదేదో నీకెలా తెలుస్తది? పైగా నీట్‌లో నాలుగు ఆప్షన్లు కళ్లముందుంటాయి, చూస్తే గుర్తొస్తే చాలు. వైవాలో సార్ చేతిలో ఎముక ఉంటది అంతే. నువ్వు ఇంకా గుర్తుపట్టే చదువే చదువుతున్నావ్, చెప్పే చదువు కాదు.

బ్రేకియల్ ప్లెక్సస్ తీసుకో, అదే వెన్నుపాము నుంచి మెడ మీదుగా చేతికి దిగే నరాల అల్లిక. ఒక్కసారి శ్రద్ధగా చదివి, పుస్తకం మూసేసి తెల్లకాగితం మీద గీయి. సీ5 నుంచి టీ1 దాకా ఐదు రూట్స్, మూడు ట్రంక్స్, ఒక్కోటి రెండుగా చీలి ఆరు డివిజన్లు, అవి కలిసి మూడు కార్డ్స్, ఇక్కడిదాకా బానే వస్తది. మీడియన్ నర్వ్ దగ్గర చెయ్యి ఆగుద్ది, చాలామందికి అక్కడే ఆగుద్ది, ఎందుకంటే దానికి లాటరల్ కార్డ్ నుంచి ఒక వేరు, మీడియల్ కార్డ్ నుంచి ఇంకో వేరు వచ్చి కలవాలి. అప్పుడు పుస్తకం తెరిచి ఎర్రపెన్నుతో దిద్దుకో. మర్నాడు కొత్త కాగితం, మళ్లీ మూడ్రోజులకి, మళ్లీ వారానికి. ఎర్రగీతలు తగ్గుతున్నాయా లేదా అదే నీ లెక్క, ఎన్ని గంటలు కూర్చున్నావన్నది కాదు.

ఇది నా సొంత తెలివేం కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు స్టూడెంట్స్ మీద చూశారు, చదివిన ఐదు నిమిషాలకి అడిగితే మళ్లీమళ్లీ చదివినోళ్లే ముందున్నారు, వారం తర్వాత అడిగితే చూడకుండా రాసి చూసుకున్నోళ్లు దాటేశారు. నీకు రాత్రి రెండింటికి అంతా వచ్చినట్టే అనిపించేది అందుకే.

మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ దాకా ఐదు స్టేషన్లు కదా నీకు, ఫోన్లో అంకీ యాప్ కార్డులు, ఒకవైపు ప్రశ్న ఇంకోవైపు జవాబు ఉండేవి, ఒక ఇరవై తిప్పేయొచ్చు, సీటు దొరక్కపోయినా. కానీ కార్డులు నువ్వే చేసుకో, సీనియర్లవి తెచ్చుకుంటే మళ్లీ బట్టీయే అవుద్ది. ఏ నర్వ్ చదివినా అది తెగితే పేషెంట్ ఏం చెయ్యలేడో అడుగు, చేతిలో రేడియల్ నర్వ్ పోతే మణికట్టు వాలిపోద్ది, అది నీ చేత్తో వాల్చి చూస్తే ఇంక మర్చిపోవు. డిసెక్షన్ టేబుల్ దగ్గర ఫ్రెండ్‌తో ఒకళ్లనొకళ్లు అడుక్కోండి, నోరు అక్కడే తిరగాలి. రాత్రి పదకొండున్నరకల్లా పడుకో, హాల్లో తూగుతూ నిలబడితే ఏం ఎక్కుద్ది?

రేపు ఆ ఇంటర్నల్ పేపర్ తీసుకుని మీ ట్యూటర్ దగ్గరికెళ్లి మార్కులెక్కడ పోయాయో అడుగు. ఇంట్లో ఇంకా చెప్పలేదనుకుంటా, ఈ రాత్రి అన్నం తినేటప్పుడు చెప్పెయ్.