ఘాట్ రోడ్డులో ఆగిపోయే పద్మిని: ముందు ట్యాంకు చూడండి

జయపురం మిత్రులకు నమస్కారం. పదేళ్లు షెడ్డులో నిలిచిపోయిన ప్రీమియర్ పద్మిని కారును స్నేహితులతో కలిసి నడిచే స్థితికి తెచ్చారని, సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు అది ఆగిపోయి పావుగంట తరువాత మళ్లీ స్టార్టవుతోందని, మెకానిక్ కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) మార్చమన్నాడని రాశారు. కార్బురేటర్‌ను ఇప్పుడే మార్చనవసరం లేదని నా అభిప్రాయం.

ఏళ్ల తరబడి నిలిచిన ట్యాంకులో తుప్పు పేరుకుంటుంది. బండి నడుస్తున్నప్పుడు ఆ రజను పెట్రోలు పైపు మూతి దగ్గర చేరి దారి మూసేస్తుంది, ఇంజను ఆగాక కిందికి జారిపోతుంది కనుక కాసేపటికి బండి మామూలుగా నడుస్తుంది. రాయగడలో మేము నలుగురం కలిసి బాగుచేసిన పద్మిని ఇదే విధంగా రెండు నెలలు ఏడిపించింది (అనవసరంగా ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ కూడా కొత్తది కొన్నాము).

ఈసారి ఆగిన వెంటనే ఒక మిత్రుణ్ణి స్పార్క్ ప్లగ్గులో నిప్పురవ్వ చూడమనండి. రవ్వ బలంగా ఉంటే లోపం పెట్రోలు దారిలో ఉన్నట్లు, అప్పుడు ట్యాంకు మూత తెరవండి. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే మూతలో గాలి వెళ్లే రంధ్రం మూసుకుపోయినట్లే. చప్పుడు లేకపోతే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయండి. వెంటనే తేరుకుంటే వేడికి పెట్రోలు ఆవిరవుతోందని అర్థం.

ఇవేవీ కాకపోతే ట్యాంకును దించి, పెట్రోలు పూర్తిగా వంపి, నీళ్లు, గుప్పెడు నట్లు వేసి ఇద్దరు పట్టుకుని ఊపాలి, తరువాత బాగా ఆరబెట్టాలి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి సులభంగా అంటుకుంటుంది కనుక బీడీని, వెల్డింగును దూరంగా ఉంచండి. పంపులోని పాత రబ్బరు డయాఫ్రమ్‌ను (పెట్రోలును తోసే పొరను) కూడా మార్చండి. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుకు అది త్వరగా పాడవుతుంది.