అమ్మ పేరిట డిపాజిట్ వేస్తే పింఛను ఆగుతుందా?

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా అమ్మకు 57 ఏళ్లు. నాన్నగారు పోయాక వితంతు పింఛను నెలకు 4,000 రూపాయలు వస్తోంది. నాన్నగారి బీమా సొమ్ము 9 లక్షలు ఇప్పుడు చేతికొచ్చింది. బ్యాంకులో ఫిక్స్‌డ్ వేస్తే పింఛను తీసేస్తారని ఇరుగుపొరుగు భయపెడుతున్నారు. నా పేరిట వేసుకోమని కొందరు, బయట వడ్డీకి తిప్పమని కొందరు అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మగారి పేరిటే వేయండి. బ్యాంకులో డబ్బుందన్న ఒక్క కారణంతో ఎన్టీఆర్ భరోసా పింఛను ఆగదు. అర్హతకు చూసేది కుటుంబ నెలసరి ఆదాయం (పట్టణంలో 12,000, పల్లెలో 10,000 రూపాయల లోపు). దానికి తోడు సచివాలయాల్లో సిక్స్ స్టెప్ వాలిడేషన్ అనే పరిశీలన ఉంటుంది. అందులో చూసేవి భూమి, నాలుగు చక్రాల బండి, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను, నెలకు సగటున 300 యూనిట్లు దాటే కరెంటు వాడకం, పట్టణంలో ఇంటి విస్తీర్ణం. బ్యాంకు నిల్వ ఈ జాబితాలో లేదు.

మరి డిపాజిట్ వేశాక పింఛన్లు ఆగిన సందర్భాలు ఎలా వస్తున్నాయి? అసలుతో కాదు, వడ్డీతో. 9 లక్షలు 7 శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి 63,000, అంటే నెలకు 5,250 రూపాయలు. ఇది ఆదాయమే. ఆదాయం ఎంతని అడిగినప్పుడు ఇది కలిపి చెప్పాలి. అమ్మగారిది విడి రైస్ కార్డు అయి, వేరే రాబడి లేకపోతే 12,000 లోపే కాబట్టి ఇబ్బంది లేదు. మీ కార్డులోనే ఉంటే మీ సంపాదన కూడా కలుస్తుంది. హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో (ఎవరెవరు ఒక కుటుంబమో సచివాలయం రాసుకున్న రికార్డు) ఆమె ఎవరితో కలిసి ఉందో డిపాజిట్ వేయకముందే వార్డు సచివాలయంలో అడిగి చూడండి. ఇది చాలామంది వదిలేసే పని.

రెండోది టీడీఎస్, అంటే వడ్డీ ఇచ్చేముందే బ్యాంకు పట్టుకునే పన్ను. 2025-26 నుంచి 60 ఏళ్ల లోపు వారికి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితే, 60 నిండిన వారికి లక్ష దాటితే, బ్యాంకు 10 శాతం పన్ను కోస్తుంది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. అమ్మగారికి 57 ఏళ్లు కనుక 63,000 మీద 6,300 పోతాయి. అది తిరిగి రావాలంటే ఆదాయపు పన్ను రిటర్న్ వేయాలి. రిటర్న్ వేసిన వారు ఒక్క రూపాయి పన్ను కట్టకపోయినా, కొన్నిసార్లు సచివాలయం రికార్డులో పన్ను చెల్లింపుదారుగా చూపిస్తోంది. చిక్కు మొదలయ్యేది అక్కడే.

అందుకే పన్ను కోతే పడకుండా చూసుకోవడం మేలు. డిపాజిట్ వేసే రోజునే, నా ఆదాయానికి పన్ను పడదు, కోత వేయవద్దని బ్యాంకుకు రాసిచ్చే ఫారం 121 ఇవ్వండి; 2026 మార్చి వరకు దీని బదులు 60 ఏళ్ల లోపు వారికి 15జి, 60 నిండిన వారికి 15హెచ్ ఉండేవి. పాన్ లేకుండా ఇచ్చిన ఫారం చెల్లదు. ఒకసారి ఇస్తే ఎప్పటికీ చెల్లుతుందనుకోవడం పొరపాటు, ప్రతి ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మళ్లీ ఇవ్వాలి. గడువు తీరాక వడ్డీ అంతా ఒకేసారి వచ్చే క్యుములేటివ్ డిపాజిట్‌లో ఈలోపు వడ్డీ లేనట్టే అని చాలామంది అనుకుంటారు. బ్యాంకు మాత్రం ఏటా పెరిగిన వడ్డీని లెక్కేసి, చేతికి రాకముందే కోత వేస్తుంది.

ఇంకో మంచి మార్గం 9 లక్షలను రెండు బ్యాంకుల్లో నాలుగున్నర లక్షల చొప్పున వేయడం. ఒక్కోచోట వడ్డీ 31,500 కాబట్టి కోత ఉండదు. బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే కాబట్టి సొమ్ముకూ భద్రత. వడ్డీ మూడు నెలలకోసారి ఖాతాలో పడేలా పెట్టుకుంటే నిల్వ 5 లక్షలు దాటదు. ఒకే బ్యాంకులో రెండు శాఖల్లో వేస్తే ఈ లాభం లేదు, రెండూ కలిపే చూస్తారు. ఇలా పంచినా ఆదాయం 63,000 అలాగే ఉంటుంది, అడిగినప్పుడు మొత్తం చెప్పాల్సిందే.

మీ పేరిట వేయమన్న సలహా వద్దు. ఆ క్షణం నుంచి చట్టం దృష్టిలో అది మీ డబ్బు. రేపు మీకు అప్పులొచ్చినా, తగాదా వచ్చినా అమ్మగారికి ఆధారం పోతుంది. జాయింట్‌గా వేసినా మొదటి పేరు ఆమెదే ఉండాలి, టీడీఎస్ మొదటి పేరున్న వారి పాన్‌కే చేరుతుంది. మీ పేరు నామినీగా పెడితే చాలు. బయట వడ్డీకి తిప్పితే అదీ ఆదాయమే, పైగా అసలుకే ముప్పు.

ఇప్పటికే కోత పడి, రిటర్న్ వేసి, పింఛను ఆగి ఉంటే: ఐటీఆర్ అక్‌నాలెడ్జ్‌మెంట్, పన్ను సున్నా అని కనిపించే లెక్క కాగితం, కోత పడిన పన్ను కనిపించే 26ఏఎస్ ప్రింటు, ఆధార్, రైస్ కార్డు పట్టుకుని సచివాలయంలో వెల్ఫేర్ సెక్రటరీ దగ్గర అర్జీ నమోదు చేయించండి. నోటిమాటగా చెప్పి రావద్దు, రసీదు నంబరు తీసుకోండి. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్‌ఎస్‌లో (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక) ఆ నంబరుతో సహా ఇవ్వండి.

బీమా క్లెయిము సొమ్ముకు పన్ను లేదు కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాం. ఇదే 9 లక్షలు స్థలం అమ్మితే వచ్చి ఉంటే క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి అమ్మితే వచ్చిన లాభం) లెక్క ముందు తేల్చుకోవాలి. అప్పుడు నిజంగానే పన్ను పడవచ్చు.

ప్రశ్న: మా అక్కయ్య బ్రిటన్ పౌరురాలు. భర్తతో విడిపోయి ఇద్దరు పిల్లలతో అక్కడ ఉంటోంది. యూనివర్సల్ క్రెడిట్‌కు (తక్కువ ఆదాయమున్న వారికి అక్కడి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) దరఖాస్తు చేస్తోంది. గుంటూరులో ఆమెకు సుమారు 9,000 పౌండ్ల విలువైన ఎన్‌ఆర్‌ఓ డిపాజిట్ (విదేశాల్లో ఉండేవారు ఇక్కడి రాబడి దాచుకునేది) ఉంది. 70 ఏళ్ల మా అమ్మ ఉంటున్న ఇల్లు కూడా అక్క పేరిటే. అమ్మ ఖాతాలో జాయింట్‌గా అక్క పేరుంది. ఇండియాలోవి అక్కడ చెప్పాలా? డిపాజిట్ నా పేరుకు మార్చుకోమంటోంది.
- ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అన్నీ చెప్పాలి. ఏ దేశంలో ఉన్నా ఆస్తి ఆస్తే. అక్కడి లెక్క మన పింఛనుకు తలకిందులు: వడ్డీని విడిగా ఆదాయంగా చూడరు, జమైన రోజు నుంచి నిల్వలో కలిపేస్తారు. చూసేది నిల్వనే.

నిల్వ 6,000 పౌండ్ల లోపైతే కోత లేదు. 16,000 దాటితే అర్హతే లేదు. మధ్యలో ఉంటే 6,000 పైన ప్రతి 250 పౌండ్లకు, అందులో కొంత భాగమున్నా సరే, నెలకు 4.35 పౌండ్లు తగ్గిస్తారు. 9,000 అయితే 12 భాగాలు, అంటే నెలకు 52.20 పౌండ్లు. 9,010 అయినా 13 భాగాలుగా లెక్కవుతుంది. బ్రిటన్‌లోని పొదుపు కూడా దీనికి కలపాలి.

అమ్మగారు ఉంటున్న ఇంటి గురించి భయం అక్కర్లేదు. అక్కడి పింఛను వయసు దాటిన దగ్గరి బంధువు నివాసముండే ఇంటిని ఆస్తి లెక్కలోంచి మినహాయిస్తారు. కానీ మినహాయింపు ఉంది కదా అని చెప్పకుండా ఉండకూడదు. చెప్పి, అమ్మగారి వయసు, నివాసానికి ఆధార్ చూపాలి. ఎవరూ ఉండని ఇల్లో, ఖాళీ స్థలమో అయితే మార్కెట్ విలువలోంచి అమ్మకం ఖర్చుల కింద 10 శాతం, దాని మీద అప్పుంటే అదీ తీసి మిగతాది కలుపుతారు. గుంటూరు ధరలకు చిన్న ప్లాటు కూడా 16,000 పౌండ్లు దాటించేయగలదు.

జాయింటు ఖాతాలో ఎవరి వాటా ఎంతో రుజువు లేకపోతే సగం అక్కయ్యదే అనుకుంటారు. అమ్మగారి డబ్బే అయితే జమలు కనిపించే స్టేట్‌మెంటు తీసి పెట్టుకోండి. కుదిరితే ఆమె పేరు తీయించి నామినీగా మార్పించండి.

డిపాజిట్ మాత్రం మీ పేరుకు మార్చవద్దు. సాయం కోసమే డబ్బు వదిలించుకున్నారని తేలితే, ఆ సొమ్ము ఇంకా ఆమె దగ్గరే ఉన్నట్టు లెక్కకడతారు. డబ్బు పోతుంది, కోత మిగులుతుంది. ఉన్న అప్పులు తీర్చడం, సబబైన అవసరాలకు ఖర్చు పెట్టడం ఇందులోకి రావు, వాటికి రసీదులు దాచమనండి. విదేశాల్లో నివాసమున్న వారి ఖాతాల వివరాలను మన దేశమూ బ్రిటనూ ఇచ్చిపుచ్చుకుంటాయి. గుంటూరు ఖాతా లండన్‌కు తెలియదన్న నమ్మకం పనికిరాదు. సరిగా చెప్పకపోతే ఎక్కువగా ఇచ్చింది వెనక్కి లాగుతారు, పైన 50 పౌండ్ల జరిమానా పడవచ్చు, కావాలని దాస్తే కేసే. నిల్వ మారిన ప్రతిసారీ యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ ఖాతాలో సందేశాలు రాసే జర్నల్‌లో రాసి, దాని స్క్రీన్‌షాట్ ఉంచుకోమనండి.

ప్రశ్న: డ్వాక్రా గ్రూపు లీడరుని. గ్రూపు రుణంలో నా వాటా లక్ష రూపాయలు ఖాతాలో పడ్డాయి. రైస్ కార్డుకు ఇబ్బందా?
- ఒక పాఠకురాలు, మంగళగిరి, గుంటూరు జిల్లా

జవాబు: లేదమ్మా. అప్పు ఆదాయం కాదు. ఒక్క జాగ్రత్త: సభ్యుల పొదుపును, కంతులను మీ సొంత ఖాతాలోకి ఫోన్‌పే చేయించుకుని తర్వాత గ్రూపు ఖాతాకు మార్చే అలవాటుంటే ఈ నెలతో మానండి. ఆ జమలూ, వాటి మీద వడ్డీ మీ పాన్ కిందే కనిపిస్తాయి. గ్రూపు ఖాతా క్యూఆర్ కోడ్ బ్యాంకులో అడిగి తీసుకోండి. అది లేకపోతే ఎవరి కంతు వారు నేరుగా గ్రూపు ఖాతాలోనే కట్టి, మినిట్స్ పుస్తకంలో ఆ రోజే రాయించండి.