తప్పెట మోగే చావు

కావలి

అమ్మాయీ,

క్యాన్సర్‌ను వైరస్‌తో చంపే వైద్యం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. "వైరస్ సైనికుడిలా చొరబడి క్యాన్సర్ కణాన్ని పేల్చేస్తుంది" అన్న దగ్గర ఎర్రపెన్ను తీశాను. నిన్ను చదివేదెవరు? అల్లూరు, కోట వైపు రొయ్యల గుంటలు వేసినోళ్ళు. వాళ్ళకు వైరస్ అంటే రొయ్యల్ని చంపే తెల్లమచ్చ రోగం, గుంట పోయి మిగిలిన అప్పు. అదే మాట మేలు చేస్తుందని వాళ్ళు నమ్మాలంటే, కణం ఎట్లా చస్తుందో చూపించాల్సిందే.

వైరస్ కణం లోపల పిల్లల్ని పెట్టి, పొర చీల్చుకొని బయటపడటం ఒక దారి. కణం తనకు తానే చావడమూ ఉంది. అపోప్టోసిస్‌లో కాస్పేజ్ ఎంజైములు కణాన్ని లోపల్లోపలే ముక్కలు చేస్తాయి, ఆ పొట్లాలను పక్క కణాలు మింగేస్తాయి. ఊరికి తెలియకుండా జరిగిపోయే చావు. నెక్రోప్టోసిస్, పైరోప్టోసిస్ అనే ఇంకో రెండు రకాల చావుల్లో పొరకు బొక్కలు పడి సరుకంతా బయటికి కారుతుంది. కణానికి ఇంధనమైన ఏటీపీ, హెచ్ఎంజీబీ1 అనే ప్రోటీన్ కారడం, కాల్‌రెటిక్యులిన్ అనే ఇంకో ప్రోటీన్ పొర పైకి తేలడం: ఇదే తప్పెట మోత. (అపోప్టోసిస్ కూడా ఒక్కోసారి తప్పెట కొడుతుంది, మరీ గళ్ళు గీసి విడదీయొద్దు.) ఆ మోతకు ఒంట్లో కాపలా కాసే డెండ్రిటిక్ కణాలొచ్చి, గడ్డ ఆనవాళ్ళు పట్టుకెళ్ళి, రోగాన్ని వేటాడే టీ కణాలకు చూపిస్తాయి. వైరస్ సోకని క్యాన్సర్ కణాల మీదికి కూడా టీ కణాలు పోగలిగేది అందుకే. నీ వ్యాసంలో ఈ ముక్కే లేదు.

"మంచి కణాన్ని ముట్టదు" అన్నావు. ముడుతుంది. మంచి కణం ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్‌తో కేకేసి అడ్డుకుంటుంది, చాలా క్యాన్సర్ కణాలకు ఆ గొంతు పోయి ఉంటుంది. అన్నిటికీ కాదు. ఎముక, కండరం, కొవ్వులాంటి వాటిలో పుట్టే క్యాన్సర్లు, సార్కోమాలే 50కి పైగా రకాలు, కొవ్వులో పుట్టింది వేరు, కండరంలో పుట్టింది వేరు.

పెదాల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌ను మార్చి చేసిన టీ-వెక్‌కు 2015లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు నేనూ ఊగిపోయి రాశా. వారం తిరక్కముందే ఒకాయన భార్య స్కాన్ కాగితాలు సంచిలో పెట్టుకొచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. ఆమెకు తొడలో సార్కోమా. అనుమతేమో మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు. సార్కోమాకు ప్రయోగాలే. ఆ సంగతి ఏడో పేరాలో పెట్టాను. ఆయన అంతదాకా చదవలేదు, ఎందుకు చదువుతాడు?

నువ్వు ఆ సంగతిని రెండో పేరాలోకి తే. సైనికుణ్ణి తీసెయ్. తిరగరాసి పంపు, రొయ్యల పట్టుబడి అయ్యేదాకా నేను ఊళ్ళోనే ఉంటా.