గాలి మరుగులో తొక్కబోయే మేనకోడలికి

చి. చిన్నికి మామయ్య దీవించి రాయునది.

నువ్వు కారు వెనక, దాని గాలి మరుగులో సైకిలు తొక్కి గంటకు 150 కిలోమీటర్లు దాటాలని చూస్తున్నావని అక్క ఫోన్లో చెప్పింది. చెబుతూనే ఏడ్చింది. నాకు ముందు ఛాతీ పొంగింది, ఆ వెంటనే గుండెలో రాయి పడింది. వద్దని రాయడానికి కూర్చోలేదు. చిన్నప్పటినుంచీ వద్దన్న మాట నీ దగ్గర చెల్లలేదు. చేసేదేదో సరిగ్గా చెయ్యమని రాస్తున్నాను.

మొహమంతా మూసే మోటారు సైకిలు హెల్మెట్, తోలు సూటు, తోలు గ్లవ్స్, చీలమండ దాటిన బూట్లు, దారి పక్కన అంబులెన్సు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ రోజుకి ఇంటికి వచ్చెయ్.

గేరు లెక్క ముందు కాగితం మీద తేల్చుకో. 150 అంటే నిమిషానికి 2,500 మీటర్లు. కాళ్లు నిమిషానికి వంద చుట్లు తిప్పితే, ఒక్కో చుట్టుకీ బండి 25 మీటర్లు పోవాలి. మామూలు రేసు సైకిలు పెద్ద గేరులో పోయేది పది మీటర్లే. 1962లో జోసే మెయిఫ్రే పెడల్ దగ్గర 130 పళ్ల చైన్ వీలు పెట్టుకుని, జర్మనీలో ఫ్రైబుర్గ్ దగ్గర మెర్సిడెస్ కారు వెనక 204 దాటాడు. నువ్వు అంత పెద్ద చక్రం జోలికి పోకు, రెండు చైన్లు పెట్టుకో. పెడల్ దగ్గర 51 పళ్లు, మధ్య ఇరుసు మీద 14. అదే ఇరుసుకి ఇంకో 51, వెనక చక్రానికి 14. అంటే 3.64ని 3.64తో గుణించు, 13.27 వస్తుంది. చక్రం చుట్టుకొలత 1.88 మీటర్లయితే పెడల్ చుట్టుకి 24.95 మీటర్లు. మధ్య ఇరుసు బేరింగుల్లో వెంట్రుకవాసి వదులు కూడా ఉండకూడదు. రెండు చైన్లూ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉండాలి. వంకరగా ఉన్న చైను ఆ తిరుగుడులో పన్ను దాటి దూకుతుంది.

చక్రాలు 17 అంగుళాల మోటారు సైకిలువే వేయించు. సైకిలు టైరు ఆ వేగానికి పుట్టలేదు. టైరు గోడ మీద వేగం అక్షరం చూసి కొను. హెచ్ అంటే 210 దాకా, వీ అంటే 240 దాకా. నీకు హెచ్ చాలు. పాత సరుకు మాత్రం వద్దు, తయారైన వారం, సంవత్సరం కూడా గోడ మీదే ఉంటాయి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి వాల్వు మూతని వేళ్ల మధ్య పట్టుకుని చూడు. రెండు గ్రాములుంటుంది. 150లో చక్రం సెకనుకి 22 సార్లు తిరుగుతుంది, అప్పుడు ఆ మూత ముప్పావు కిలో బరువుతో బయటికి లాగుతుంది. వాల్వు లోపలి సన్నని పుల్లకీ అదే గతి: టైరు వైపు జరిగి, నొక్కినట్టే అయి, గాలి వదిలేస్తుంది. అందుకే లోహపు వాల్వు, లోపల రబ్బరు వాషరున్న లోహపు మూత. రబ్బరు కాడ వాల్వు వాడకు, వంగిపోతుంది. చక్రాలు బ్యాలెన్సు చేయించడం ఆ మూతలు బిగించాకే.

హ్యాండిల్‌కి మోటారు సైకిలు స్టీరింగ్ డ్యాంపరు, అంటే వణుకుని అణిచే పరికరం, పెట్టించు. బండి పొడుగ్గా ఉండనీ. వణుకు మొదలైతే గట్టిగా పట్టుకోవాలనిపిస్తుంది. పట్టుకున్నకొద్దీ నీ చేతుల బిగువు ఆ వణుకుని పెంచుతుంది. మోచేతులు వంచి, వేళ్లు సడలించి, కాళ్ల మీద బరువు వెయ్యి.

ఇక గూడు, అంటే నీకు గాలి తగలకుండా కారు వెనక కట్టే పెట్టె. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లవుతుంది. ఒంటరిగా గంటకు వందలో పోవాలంటే దాదాపు 4 కిలోవాట్లు కావాలి, ఎంత గట్టి కాళ్లైనా అందులో పదోవంతుకు మించి ఎక్కువసేపు ఇవ్వలేవు. మిగతాదంతా గూడే మోయాలి. కాబట్టి కారు వెనక కట్టే పెట్టె నీ తల కంటే ఎత్తుగా, భుజాల కంటే వెడల్పుగా ఉండాలి. పక్క రేకులు నీ నడుము దాటి వెనక్కి రావాలి. కింద నేలకి నాలుగు వేళ్ల ఎత్తు వదిలి రబ్బరు అంచు కట్టించు, లేకపోతే అడుగునుంచి దూరే గాలి దుమ్ముని నీ మొహం మీదికే ఎత్తిపోస్తుంది. ముందు చక్రం తగిలే చోట తిరిగే రోలరు తప్పనిసరి. కదలని కడ్డీకి తగిలితే చక్రం పక్కకి తన్నుకుపోతుంది, రోలరుకి తగిలితే దొర్లి సర్దుకుంటుంది.

ఇంత పెద్ద గేరుతో నిలబడ్డ చోటునుంచి కదల్లేవు, కారే లాగాలి. తాడు ఫ్రేము తలగొట్టానికి, అంటే హ్యాండిల్ కాడ దూరే గొట్టానికి కట్టు, హ్యాండిల్‌కి మాత్రం ఎప్పుడూ కట్టకు. విడుపు మీట బొటనవేలి కింద ఉండాలి. విడిచాక తాడు చక్రం కిందికి రాకుండా సాగే రబ్బరు దాన్ని గూట్లోకి లాగేసుకోవాలి. 60 దగ్గర నీ కాళ్లు నిమిషానికి 40 చుట్లే తిరుగుతాయి, అప్పుడు విడిస్తే మోకాళ్లు పోతాయి. 110 దాటాక, 73 చుట్ల మీద, తాడు వదులైందని కంటికి కనిపించాక విడువు. బిగువుగా ఉండగా విడిస్తే ఆ క్షణమే వెనకబడతావు. గూడు దాటి వెనక్కి పోతే 150లో నీ ఒంటి మీద నలభై కిలోల గాలి ఒక్కసారిగా పడుతుంది, అదీ తిన్నగా కాదు, ఇటొక దెబ్బ అటొక దెబ్బ.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. అందరూ వేగం ఎలా పెంచాలో రాసుకుంటారు, ఎలా తగ్గాలో రాసుకోరు. ఈ ఆటలో అతి పాత తప్పు అదే. 1899 జూన్ 30న అమెరికాలో లాంగ్ ఐలాండ్ రైలు మార్గం మీద పట్టాల మధ్య చెక్క పలకలు పరిచి, రైలు పెట్టె వెనక చార్లెస్ మర్ఫీ మైలు దూరాన్ని 57.8 సెకన్లలో తొక్కాడు. పలకలు అయిపోయే చోటు ముంచుకొచ్చింది, ఇంజను డ్రైవరు ఆవిరి కట్టేశాడు, రైలు తగ్గింది, మర్ఫీ తగ్గలేదు. వెళ్లి రైలుకే కొట్టుకున్నాడు. పెట్టెలో ఉన్నవాళ్లు చేతులందించి సైకిలుతో సహా పైకి లాగబట్టి బతికాడు. నీ ముందు అలా చేతులందించే వాళ్లెవరూ ఉండరు.

ఎందుకలా అవుతుందో మనసులో ముద్ర వేసుకో. కారుని ఆపుతున్నది గాలి. పైగా ఆ పెద్ద గూడు కట్టుకుని ఉంది కాబట్టి, 150లో డ్రైవరు యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీస్తే చాలు, బ్రేకు తొక్కకపోయినా, ఒక్కో సెకనుకీ వేగం గంటకు నాలుగు కిలోమీటర్ల పైనే పడిపోతుంది. నీకు గాలే లేదు. కాళ్లాపి కూర్చున్నా సెకనుకి కిలోమీటరు కూడా తగ్గవు. మీ ఇద్దరి మధ్య ఉన్నది అర మీటరు. అది సెకనులో అయిపోతుంది. కళ్లముందు గోడ తప్ప దారి కనిపించని నువ్వు ఆ సెకనులో ఏం చెయ్యగలవు? భయపడి బ్రేకు గట్టిగా నొక్కుతావు, గూటినుంచి జారి గాలిలో పడతావు. రోలరు తాకినా, గాలి తాకినా తప్పు మాత్రం ఆ ఒక్క కాలు తీయడంలోనే ఉంది.

అందుకని వేగం దిగే దారి ముందే కొలిచి, సున్నంతో గీతలు గీయించు. సెకనుకి ఒక్క కిలోమీటరు చొప్పున తగ్గాలి. 150 నుంచి 60కి రావడానికి 90 సెకన్లు, అంటే రెండున్నర కిలోమీటర్ల పైమాటే. ఆ దారి లేని చోట 150 తొక్కకూడదు, అంతే. కారు నడిపే పిల్ల కాలు తీయకూడదు, వేలితో మీట జరిపినంత నెమ్మదిగా వదలాలి. నువ్వు వెనక బ్రేకుని చెయ్యి ఆనించినట్టు ఆనించి ఉంచు, రోలరుకీ నీకూ మధ్య దూరం మారకూడదు. ముందు బ్రేకు అసలు ముట్టుకోకు. రేడియోలో ఆమె వేగం అయిదేసి కిలోమీటర్లు తగ్గినప్పుడల్లా ఆ అంకె పైకి చదవాలి. నీకు నలతగా అనిపిస్తే ఒక్కటే మాట, "దిగు". ఆ మాటకి ఆమె బ్రేకు తొక్కకూడదు, ఇదే నెమ్మది దిగుడు మొదలుపెట్టాలి. వేగం ఎక్కేటప్పుడూ అంతే. నీ కాళ్లు ఆ వేగంలో సెకనుకి అర కిలోమీటరు కూడా పెంచలేవు, కారు పెంచాలనుకుంటే అయిదు పెంచుతుంది. రికార్డు నీదని పేరుకే, సగం బరువు ఆమె కుడి కాలు మీద ఉంటుంది.

2018 సెప్టెంబరు 16న అమెరికాలో బోన్నెవిల్ ఉప్పు నేల మీద డెనీస్ ముల్లర్ కోరెనెక్ 296 కిలోమీటర్ల వేగం అందుకున్నప్పుడు, ముందు బండి నడిపింది షియా హోల్‌బ్రూక్. డెనీస్‌కి నేర్పింది జాన్ హోవర్డ్, 1985లో అదే ఉప్పు మీద 245 దాకా పోయినవాడు. అంతకు ముందు రికార్డు 1995లో ఫ్రెడ్ రోంపెల్‌బర్గ్‌ది, దాదాపు 269. మగవాళ్ల పేర్లే ఉన్న పట్టికలో అందరికంటే పైన ఒక ఆడమనిషి పేరు ఎక్కింది. ఆ సంగతి అక్కకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తరవాత "మరి ఆ అమ్మాయికి ఏమీ కాలేదా?" అని అడిగింది. కాలేదని చెప్పాను.

నీ మీద కోపమూ ఉంది. ఇంత పెద్ద పని మాకు చెప్పకుండా మొదలుపెట్టావు. అది తరవాత చూసుకుందాం. ముందు ఇది చెయ్యి తల్లీ. మొదటి రెండు వారాలూ చిన్న గేరుతోనే. మొదటి వారం 60 దాటకండి, తాడు విడవడం ఇరవై సార్లు, దిగడం నలభై సార్లు. రెండో వారం 80. ప్రతి దిగుడికీ పుస్తకంలో మూడు అంకెలు రాయండి: ఏ వేగంనుంచి దిగారు, ఎన్ని సెకన్లు పట్టింది, రోలరుకి ఎన్నిసార్లు తగిలావు. మూడో అంకె వరసగా పది దిగుళ్లలో సున్నా వచ్చేదాకా వేగం పెంచొద్దు. పక్కగాలికి గుడ్డముక్క కట్టి చూడు, అది ఎగిరి నిలబడితే ఆ పూట మానెయ్. పొద్దున్నే దారంతా నడిచి గులకరాళ్లు ఏరండి, చీపురుతో కాదు, చేత్తో.

ఆ పుస్తకం ఫొటో తీసి ప్రతి ఆదివారం నాకు పంపు. అక్కకి నేను చదివి వినిపిస్తాను.

మామయ్య